పదడుగుల గది... పొందిగ్గా!

పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. నిద్రా అందులోనే, చదువూ అందులోనే. బట్టలు, పుస్తకాలు, బకెట్టు, ఊరి నుంచి అమ్మ కట్టిచ్చిన ఆవకాయ సీసా... అన్నిటికీ అక్కడే చోటు చూడాలి. హైదరాబాద్‌లో అమీర్‌పేట, అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్... డీఎస్సీ శిక్షణకు పేరున్న అవనిగడ్డ, బ్యాంకు పరీక్షల కోచింగుకు పేరుపడ్డ నంద్యాల... ఎక్కడికెళ్లినా ఇల్లొదిలి చదువుకోవడానికి వచ్చినవాళ్ల చిరునామా దాదాపుగా ఇలాంటి గదే.

అద్దె ఎంత, నీళ్లొస్తాయా, మెస్సు దగ్గరేనా... గది వెతికేటప్పుడు అడిగే ప్రశ్నలివి. సామాను సంగతి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 'ఏదో ఒక మంచం, ఏదో ఒక బల్ల' అనుకుని కొనేస్తారు. తీరా వేశాక తలుపు సగమే తెరుచుకుంటుంది. బీరువా తీయాలంటే కుర్చీ జరపాలి, కుర్చీ జరపాలంటే మంచం ఎక్కాలి! బల్లమీద చోటు లేక మంచంమీదే చదువు మొదలవుతుంది. అక్కణ్నుంచి నడుంనొప్పి, కునికిపాట్లు... ఆర్నెల్లు తిరిగేసరికి ఇంట్లోవాళ్లు అప్పుచేసి కట్టిన ఫీజు మీదికే వస్తుంది వ్యవహారం. చిన్న గదిలో సామాను ఎంపిక అలంకరణ కోసం కాదు. చదువు సాగడం కోసం.

లెక్క వేస్తే తెలుస్తుంది!

పదడుగుల గది అంటే వంద చదరపు అడుగులు. వినడానికి బాగానే ఉంటుంది. ఇప్పుడు తీసివేతలు మొదలుపెడదాం. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న ఒంటి మంచానికి 18 పోతాయి. మూడడుగులకు రెండడుగుల బల్లకి 6. కుర్చీ వెనక్కి జరిపి లేవాలంటే ఇంకో ఏడున్నర. ఇనప బీరువాకి సుమారు నాలుగున్నర. దాని తలుపులు తెరుచుకోడానికి మరో నాలుగున్నర. గది తలుపు లోపలికి తెరుచుకునేదైతే అక్కడో తొమ్మిది. అంతా కలిపితే 49.5. అంటే ఒక్కరున్నా సగం గది అయిపోయినట్టే.

ఇద్దరుంటే? బీరువా ఒక్కటే అనుకున్నా... మరో మంచం, బల్ల, కుర్చీ కలిస్తే 81 అవుతాయి. మిగిలేది 19 చదరపు అడుగులు. సరిగ్గా ఒక మంచం పట్టేంత. అందులోనే నడవాలి, బట్టలు మార్చుకోవాలి, కంచం పెట్టుకుని తినాలి. చోటు కలిసొచ్చే సామాను అవసరం ఇక్కడే తెలుస్తుంది.

దుకాణానికి వెళ్లేముందు చేయాల్సిన పని ఒకటుంది. టేపుతో గది పొడవు వెడల్పులే కాదు, తలుపు ఎటు తెరుచుకుంటుంది, కిటికీ నేలనుంచి ఎంత ఎత్తులో ఉంది, ప్లగ్గు ఏ మూలన ఉంది, ఫ్యాను ఎంత కిందికి వేలాడుతోంది... అన్నీ కొలిచి రాసుకోవాలి. తర్వాత పాత దినపత్రికల్ని మంచం కొలతకీ, బల్ల కొలతకీ అతికించి నేలమీద పరచండి. ఒక పూట వాటి మధ్యే అటూఇటూ తిరగండి. కాలు కాగితమ్మీద పడుతోందంటే రేపు మోకాలు చెక్కకి తగులుతుందన్నమాట. మనిషి ఇబ్బంది లేకుండా నడవడానికి కనీసం రెండడుగుల దారి ఉండాలి. మరో సంగతి... మెట్ల మలుపు కూడా కొలవండి. గదిలో పట్టే బీరువా మూడో అంతస్తు దాకా ఎక్కకపోతే ఏం లాభం?

తాతల నాటి తెలివి

ఒకే వస్తువు రెండు పనులు చేయడం ఇప్పుడొచ్చిన ఫ్యాషనేం కాదు. పాత ఇళ్లలో భోషాణం ఉండేది. లోపల ఇత్తడి సామాను, పట్టుబట్టలు. పైన పరుపు వేస్తే పడక. ఇప్పుడు 'స్టోరేజీ కాట్' పేరుతో అమ్ముతున్నది దాని మనవడినే! నులక మంచం పొద్దున్నే లేచి గోడకి నిలబడేది. కరణాల ఇళ్లలో వాలుమూత డెస్కు పెట్టె రాత బల్లగానూ, కాగితాలు దాచుకునే పెట్టెగానూ పనికొచ్చేది. చిలక్కొయ్యలు, దండెం, గూళ్లు, అటక... వీటిలో ఏదీ నేలను ఆక్రమించదు. సామానంతా గోడమీదా, గోడలోనే.

అమెరికాలోనూ ఈ అవసరమే కొత్త మంచాన్ని పుట్టించింది. 20వ శతాబ్దం తొలినాళ్లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒంటిగది ఇంట్లో ఉండే విలియం మర్ఫీ, పగటిపూట నిలువుగా గోడలోకి మడిచేసే మంచం తయారుచేశాడు. ఇప్పటికీ దాన్ని మర్ఫీ మంచమనే అంటారు. అంతదాకా ఎందుకు, మన రైల్లో స్లీపరు పెట్టె చాలదూ! పగలు ఆనుకునే వీపుపలకే రాత్రికి మధ్య బెర్తు. పక్క సీట్లు రెండూ వాల్చి కలిపితే ఇంకో పడక. చిన్న గదికి పాఠం కావాలంటే ఒక్కసారి స్లీపరు పెట్టెను జాగ్రత్తగా గమనిస్తే చాలు.

మంచం... మింగేది అదే

గదిలో ఎక్కువ చోటు తినేది మంచం కాబట్టి ఆలోచన అక్కణ్నుంచే మొదలవ్వాలి. మన దగ్గర ఒంటి పరుపులు మూడడుగుల వెడల్పులోనే కాదు, రెండున్నర అడుగుల్లోనూ దొరుకుతాయి. సన్నగా ఉండేవాళ్లకి రెండున్నర సరిపోతుంది. ఆ అరడుగు తేడాతోనే నడిచే దారి ఏర్పడొచ్చు.

కింద ఖాళీ ఉన్న మంచం: చవకైన ఉపాయం. కాళ్ల ఎత్తు అడుగున్నర దాకా ఉంటే కింద ట్రంకుపెట్టె, సూట్‌కేసు, చక్రాల ట్రేలు హాయిగా పడతాయి. పైకి లేచే హైడ్రాలిక్ మంచంలో ఇంకా ఎక్కువ పడుతుంది కానీ బరువెక్కువ. పైగా లోపలున్న చొక్కా కావాలన్నా పరుపు మొత్తం ఎత్తాల్సిందే. ఏడాదికోసారి గది మారేవాళ్లకి అది గుదిబండే.

మడత మంచం: పగలంతా గది ఖాళీగా ఉంటుంది. అయితే కొనేముందు దుకాణంలోనే మూడుసార్లు మడిచి, తెరిచి చూడండి. నిమిషంలోపు, ఒక్కరి చేత్తో అయిపోవాలి. రోజూ మడవడానికి బద్ధకమేసే మంచం వారం తర్వాత మామూలు మంచమే! కీళ్ల దగ్గర వేళ్లు నలిగేలా ఉందేమో, పడుకుంటే మధ్యలో దిగబడుతోందేమో కూడా చూసుకోవాలి.

మూడు మడతల పరుపు: నేలమీద పరుచుకుని, లేచాక మడిచి ఆసనంలా వాడుకోవచ్చు. డబ్బు తక్కువ, మోత తేలిక. రోజూ ఎత్తి అడుగుభాగానికి గాలి తగలనివ్వడం మాత్రం మానకూడదు. లేదంటే చెమట, నేల చెమ్మ కలిసి బూజు పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలోనైతే ఈ జాగ్రత్త మరింత అవసరం.

ఇక సోఫా కమ్ బెడ్ సంగతి... చూడ్డానికి బాగుంటుంది. కానీ అతిథి ఒకరాత్రి పడుకోడానికి అనువైంది, రోజూ నిద్రకి కాదు. మధ్య అతుకు నడుముకి తగులుతుంది. ఆ డబ్బుతో మంచి పరుపు, మంచి కుర్చీ రెండూ వస్తాయి.

పైన మంచం... అంతకు పైన ఫ్యాను!

ఇద్దరుంటే చాలామందికి తట్టే ఆలోచన రెండంతస్తుల మంచం. 18 చదరపు అడుగుల్లో రెండు పడకలంటే మాటలా? కాకపోతే కొనేముందు పైకి చూడాలి.

కింది మనిషి తల తగలకుండా కూర్చోవాలంటే పై పడక నేలనుంచి అయిదున్నర అడుగుల దాకా వెళ్తుంది. దానిమీద కూర్చున్న మనిషి తల ఎనిమిదిన్నర అడుగుల దగ్గరుంటుంది. పదడుగుల శ్లాబుకి వేలాడే ఫ్యాను రెక్కలూ దాదాపు అక్కడే తిరుగుతుంటాయి. మామూలు ఫ్యాను వెడల్పు 48 అంగుళాలు. గది నడిమధ్యలో ఉంటే రెక్క కొన గోడనుంచి సరిగ్గా మూడడుగుల దూరంలో ఉంటుంది. మంచం వెడల్పూ మూడడుగులే. అంటే నిద్రమత్తులో లేచి చెయ్యి చాపినా, దుప్పటి విదిలించినా రెక్క తగలడానికి ఎంతోసేపు పట్టదు. ముచ్చటగా కనిపించే మంచం వెనకున్న ప్రమాదం ఇదే.

కాబట్టి శ్లాబు ఎత్తు తక్కువైతే రెండంతస్తుల మంచం ఆలోచనే వద్దు. ఎత్తు ఉన్నా సరే, పై పడక రెక్కలకి బాగా దూరంగా ఉండాలి. లేదంటే ఇంటి యజమానితో మాట్లాడి సీలింగు ఫ్యాను బదులు గోడ ఫ్యాను పెట్టించుకోవాలి. పై పడకకి రెండువైపులా అడ్డుకమ్మీ ఉండాలి. అది పరుపు పైనుంచి కనీసం అయిదంగుళాలు లేవాలి. పరుపు మందం పెరిగితే కమ్మీ ఎత్తు తగ్గినట్టేనని మరవద్దు. నిచ్చెన మెట్లు గుండ్రటి సన్నటి గొట్టాలైతే పాదం నొప్పి పుడుతుంది. బల్లపరుపు మెట్లు మేలు.

ఒక్కరే ఉండేవాళ్లకి మరో దారి... పైన పడక, కింద బల్లా కుర్చీ. చోటు బాగా కలిసొస్తుంది. ఫ్యాను జాగ్రత్తలన్నీ దీనికీ వర్తిస్తాయి. కింద వెలుతురు చాలదు కాబట్టి దీపం తప్పనిసరి.

ఆదా చేయాల్సింది నడుము దగ్గర కాదు

పోటీ పరీక్షలకు చదివేవాళ్లు రోజుకి ఎనిమిది, పది గంటలు కూర్చుంటారు. మంచంలో తగ్గించుకున్నా ఫర్వాలేదు కానీ, బల్లా కుర్చీ దగ్గర కక్కుర్తి పడితే శరీరం ఊరుకోదు. బల్ల ఎత్తు 28 నుంచి 30 అంగుళాలు, కుర్చీ సీటు ఎత్తు 16 నుంచి 18 అంగుళాల మధ్య ఉంటే చాలామందికి సరిపోతుంది. కూర్చున్నప్పుడు పాదాలు నేలకి ఆనాలి. మోచేతులు బల్ల ఎత్తుకి రావాలి. పొట్టిగా ఉన్నవాళ్ల కాళ్లు వేలాడుతుంటే కింద చిన్న పీట వేసుకుంటే సరి.

చోటు కలిసిరావాలంటే గోడకి బిగించి కిందికి వాల్చుకునే బల్ల బాగుంటుంది. మడిచేస్తే నాలుగంగుళాలకు మించి ముందుకి రాదు. అయితే పాత సున్నపు గోడల్లో మరలు సరిగా పట్టవు. గట్టి గోడ చూసి, సరైన బ్రాకెట్లతో బిగించుకోవాలి. దానిమీద మోచేతులు ఆన్చొచ్చు కానీ కూర్చోకూడదు. అద్దె గదిలో గోడకి బెజ్జం వేయాలంటే యజమానిని ముందే అడగండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోతపడే కారణాల్లో గోడ బెజ్జాలదీ ఓ స్థానం! వద్దంటే కాళ్లు మడిచే విడి బల్ల తీసుకోవచ్చు.

మంచంమీద పెట్టుకునే చిట్టి లాప్‌టాప్ బల్లలు అరగంట పనికి సరే. రోజంతా వాటిమీదే చదివితే మెడ, నడుము రెండూ పట్టేస్తాయి. చదువుకీ నిద్రకీ చోటు వేరైతే పడుకోగానే నిద్ర పట్టడమూ తేలికే. నేలమీద కూర్చుని చదివే అలవాటున్నవాళ్లు మాత్రం మొహమాటపడక్కర్లేదు. వాలుబల్ల ముందు పెట్టుకుని, వీపు గోడకి ఆన్చి, కింద మందపాటి ఆసనం వేసుకుంటే చాలు. గంటకోసారి లేచి నాలుగడుగులు నడవాలి, అంతే.

బల్లను కిటికీకి పక్కవైపు వేయండి. ఎదురుగా వేస్తే కళ్లలో వెలుగు పడుతుంది, వెనక వేస్తే మన నీడే పుస్తకమ్మీద పడుతుంది. కుడిచేత్తో రాసేవాళ్లకి దీపం ఎడమవైపు ఉండాలి.

నేల చాలకపోతే... గోడ ఉందిగా!

ఇద్దరికీ చెరో బీరువా అక్కర్లేదు. మంచం కింద పెట్టెలు, తలుపు వెనక కొక్కేలు, సజ్జమీద సూట్‌కేసులు... ఇవి సర్దుకున్నాక ఇంకా బీరువా కావాలా అని చూసుకోండి. కావాలంటే తలుపులు పక్కకి జరిగేది తీసుకుంటే ముందు చోటు మిగులుతుంది. తలుపుల్లేని ఇనప ర్యాకుకి పరదా కట్టుకున్నా పని జరుగుతుంది.

పుస్తకాల అర వెడల్పుగా కాకుండా నిలువుగా ఉండాలి. అడుగు వెడల్పు నేల మాత్రమే తీసుకుని అయిదారు అరలిస్తుంది. అర పొడవు రెండున్నర అడుగులు దాటితే గైడ్ల బరువుకి మధ్యలో వంగుతుంది. బరువైన పుస్తకాలు కింద, తేలికవి పైన పెట్టాలి. పొడవాటి అర ముందుకి తూలిపడకుండా గోడకి ఓ బ్రాకెట్‌తో పట్టించడం మంచిది. అది కుదరకపోతే నడుమెత్తు అరతో సరిపెట్టుకోవడమే క్షేమం.

ఎంత చోటు చాలకపోయినా తలుపుకీ, కిటికీకీ అడ్డంగా ఏదీ పెట్టకూడదు. అర్ధరాత్రి పొగ కమ్ముకుంటే బయటపడే దారి అదొక్కటే. కరెంటు పొయ్యి వాడేవాళ్లు పరుపుకీ, పరదాకీ దూరంగా పెట్టుకోవాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీగను పరుపు కింద నుంచి లాక్కోవద్దు.

చెక్క చూసి మోసపోకండి

పైన మెరిసే పొర ఒకేలా ఉన్నా లోపల సరుకు వేరు. బాగా చవకైనవి సాధారణంగా పార్టికల్ బోర్డువి. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేస్తారు. పొడి గదిలో బాగానే ఉంటుంది. నీళ్లు తగిలితే ఉబ్బి పొరలు లేస్తుంది. ఒకటికి రెండుసార్లు విప్పి బిగిస్తే మరలు పట్టు వదిలేస్తాయి. తరచూ గదులు మారేవాళ్లకి ఇదే పెద్ద ఇబ్బంది. ప్లైవుడ్‌లో మరలు గట్టిగా పడతాయి. చెమ్మ తట్టుకునే ఎంఆర్ రకం గదికి చాలు. తడి తగిలేచోట బీడబ్ల్యూపీ రకం కావాలి. ఐఎస్ఐ గుర్తు చూసి తీసుకోవాలి.

చదువుకునేవాళ్లకి ఇనుము మంచి స్నేహితుడు. వీధి చివర వెల్డింగు షాపులో మీ గది కొలతకే మంచం చేయించుకోవచ్చు. చెప్పాల్సిన మాట ఒకటుంది... అంతా కలిపి వెల్డింగు చేయొద్దని, నాలుగు భాగాలుగా చేసి బోల్టులు బిగించమని చెప్పండి. అప్పుడే మెట్లమీంచి దిగుతుంది, ఆటోలో పడుతుంది. గొట్టాల కొసలకి రబ్బరు బుడిపెలు వేయించుకుంటే గచ్చు పాడవ్వదు.

కొత్తదా... పాతదా... అద్దెకా?

ఎంతకాలం ఉంటారన్నదాన్నిబట్టి నిర్ణయించుకోవాలి. నాలుగైదు నెలల కోర్సుకైతే అద్దె సామాను నయం. పెద్ద నగరాల్లో మంచం, బల్ల నెలవారీ అద్దెకిచ్చే సంస్థలున్నాయి. ఏడాది దాటితే లెక్క మారుతుంది. ఉదాహరణకి నెలకి ఆరొందలు కడితే ఏడాదికి 7,200. ఆ సొమ్ముకి అదే వస్తువు సొంతంగా వస్తుందేమో విచారించుకోవాలి. డిపాజిట్టు, రవాణా ఖర్చు, గీతలు పడితే ఎంత కోస్తారన్నది కాగితమ్మీద చూశాకే సంతకం పెట్టండి.

విడిభాగాలు తెచ్చుకుని ఇంట్లోనే బిగించుకునే సామాను ఇక్కడ బాగా ప్రచారంలోకి వచ్చింది. స్వీడన్‌కి చెందిన ఐకియా భారత్‌లో తన తొలి దుకాణాన్ని 2018 ఆగస్టులో తెరిచింది హైదరాబాద్‌లోనే. ఏమీ కొనకపోయినా, చిన్న గదుల్ని ఎలా సర్దారో చూసి రావడానికైనా అలాంటి చోట్లకి వెళ్లొచ్చు.

పాత సామానుకి ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మేరాత్ బజార్‌లో గురువారం సంత నగరవాసులకి తెలిసినవే. పరీక్షలు అయిపోయాక గదులు ఖాళీచేసే సీనియర్ల దగ్గర ఇంకా చవగ్గా దొరుకుతాయి. బేరం ఆడేముందు వాసన చూడండి, ఊపి చూడండి. చెక్కమీద తట్టితే డొల్ల శబ్దం వచ్చినా, కింద మెత్తటి పొడి రాలినా చెదలో, పురుగో ఉన్నట్టే. మంచం అతుకుల్లో, పరుపు కుట్లలో నల్లటి చుక్కలు కనిపిస్తే నల్లులు. అలాంటిది ఊరికే ఇచ్చినా వద్దు. పాత మంచం ఫర్వాలేదు, పాత పరుపు మాత్రం కొనొద్దు. అమెరికా వెళ్లిన మన పిల్లలకీ ఇదే మాట. సెమిస్టరు చివర రోడ్డుపక్కన వదిలేసిన పరుపుల జోలికి పోవద్దు. అక్కడి హాస్టళ్లలో ఎక్కువగా 38 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవుండే మంచాలుంటాయి. ఇక్కడి దుప్పట్లు మోసుకెళ్లేముందు కొలత చూసుకోండి.

డబ్బు ఖర్చుపెట్టే వరస

చేతిలో ఉన్నది కొంచెమే అయితే ఈ వరసలో కొనండి.

1. కుర్చీ: రోజులో ఎక్కువసేపు గడిచేది దానిమీదే.
2. పరుపు: మంచం లేకపోయినా ఫర్వాలేదు, పరుపు బాగుండాలి.
3. దీపం: చోటు తీసుకోదు, కళ్లను కాపాడుతుంది.
4. బల్ల: మడిచేదైతే మంచిది.
5. మంచం: కింద సామాను పట్టేది.
6. అరలు, కొక్కేలు: రెండు వారాలు గదిలో ఉన్నాక, ఏది ఎక్కడ కావాలో తెలిశాక.

గదిలో ఇద్దరుంటే ఎవరేది కొన్నారో ఒక కాగితమ్మీద రాసుకోవడం మంచిది. ఖాళీచేసే రోజున 'బల్ల నాదంటే నాది' అనుకునే పరిస్థితి రాదు.

కొన్నాక వారంపాటు గమనించండి. రోజులో ఒక్కసారైనా చెయ్యి పడని వస్తువేదైనా ఉంటే అది ఊరికి పంపేయాల్సిందే. పండక్కి వెళ్లేటప్పుడు పట్టుకెళ్తే సరి. ఈ గదిలో ఉండేది రెండేళ్లో, మూడేళ్లో. ఉద్యోగం వచ్చాక ఎలాగూ మరో ఇంటికి వెళ్లేదే. అప్పటిదాకా హాయిగా నిద్రపట్టి, నడుం నొప్పి లేకుండా చదువు సాగితే చాలు... ఆ సామాను చేయాల్సిన పని చేసినట్టే!